పూచీ ముందు, కార్డు తర్వాత

కంపెనీయే బిగించి ఇచ్చిన కారు స్టీరియో మొదటిసారి మూగబోతే సర్వీసు సెంటరువాళ్లు మారుమాట లేకుండా బాగుచేసి ఇస్తారు. రెండోసారి వెళ్తే సాఫ్ట్‌వేరు కొత్తది ఎక్కించామంటారు. మూడోసారికి స్వరం మారుతుంది. మా దగ్గర బాగానే పాడుతోందనీ, బయట ఎవరిచేతనైనా వైర్లు కదిలించారా అనీ, అసలు ఆ స్టీరియో చేసింది మేము కాదు, చేసినవాళ్లు ఒప్పుకుంటే చూద్దామనీ అంటారు. సూరత్‌లోనైనా వరంగల్‌లోనైనా ఇదే తంతు. వారంటీ గడువు ఇంకా మిగిలే ఉన్నా, కొన్నవాడు ఏదో సాయం అడగడానికి వచ్చినట్టు నిలబడాల్సి వస్తుంది. ఈ తంతు వెనక ఒక నమ్మకం ఉంది: వారంటీ అనేది ఆధునిక కంపెనీలు దయతలచి ఇచ్చిన సౌకర్యమనీ, కార్డు మీద అచ్చయినంతవరకే దాని బలమనీ. చరిత్ర చూస్తే వరుస తిరగబడుతుంది. అమ్మిన సరుకుకు అమ్మినవాడు పూచీపడడం చాలా పాత ఏర్పాటు. అచ్చు కార్డు నిన్నమొన్నటిది, అది వచ్చి ఆ పూచీని చాలాచోట్ల కుదించింది. ఈ మాటకు సాక్ష్యం వెతకాలంటే సూరత్‌ను మించిన ఊరు దొరకదు. ఒకరి భాష ఒకరికి రానివాళ్లు, ఒకరి దేశం ఒకరు చూడనివాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే అక్కడ సరుకు మార్చుకున్నారు.

ముందు సూరత్ కంటే పాత సంగతి ఒకటి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో, కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి గడువులు చెప్పారు. ఇనుముకు 1 రోజు, పాడి పశువుకు 3 రోజులు, బరువు మోసే పశువుకు 5 రోజులు, రత్నాలకు 7 రోజులు, విత్తనాలకు 10 రోజులు. దాసీలకూ దాసులకూ కూడా నెల, అరనెల అని గడువులున్నాయి. మనుషుల్నీ సరుకుల పట్టీలో రాసుకున్న కాలం అది. ఆ సిగ్గుమాలినతనాన్ని దాచాల్సిన పనిలేదు. మనుస్మృతి మాత్రం ఇన్ని తేడాలు పెట్టకుండా, కొన్నవాడికైనా అమ్మినవాడికైనా మనసు మారితే 10 రోజుల్లోగా తిప్పి ఇవ్వొచ్చంది. యాజ్ఞవల్క్యుడి పట్టీకి ఒక లెక్క ఉంది. లోపం ఎన్నాళ్లకు బయటపడుతుందో గడువు అన్నాళ్లు. ఇనుము మంచిదో కాదో ఒక్కరోజులో తేలుతుంది. విత్తనం మొలకెత్తితేగాని తెలియదు. యాజ్ఞవల్క్యస్మృతికి కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని ఆధారం చేసుకుని తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. అంటే వ్యవహార ధర్మం సంస్కృతం రానివాడికి కూడా అందాలని అప్పటికే ఒక తెలుగు కవికి తోచింది. ధర్మశాస్త్రంలో ఉన్నదల్లా సంతలో జరిగిందని ఎవరూ చెప్పలేరు. సంతలో ఆచరణ ఎలా ఉన్నా, లోపం బయటపడేదాకా బేరం పూర్తయినట్టు కాదన్న ఆలోచన మాత్రం అప్పటిదే.

సూరత్‌లో ఆ ఆలోచన అవసరంగా మారింది. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ రేవు మొఘలుల పశ్చిమ ద్వారం, హజ్ యాత్రికుల ఓడలు బయలుదేరే చోటు. 1608లో హెక్టర్ అనే ఓడలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మనిషి హాకిన్స్ దిగాడు. 1613 నాటికి జహంగీర్ ఫర్మానాతో ఇంగ్లీషువాళ్ల వర్తక కోఠీ వెలిసింది. డచ్చివాళ్లు ఆ వెనకే వచ్చారు. అహ్మదాబాద్, భరూచ్, బుర్హాన్‌పూర్ బట్ట, సర్ఖేజ్, బయానా నీలిమందు ఇక్కడికి చేరి మోఖా, బస్రా, లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లేవి. గాలి తిరిగేలోగా ఓడ కదలాలి కాబట్టి ప్రతి తానునూ విప్పి చూసే తీరిక ఉండదు. లోపం ఆరు నెలల తర్వాత మరో ఖండంలో బయటపడుతుంది. 1676లో పారిస్‌లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే సరుకులో జరిగే మోసాల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. ఒక మూటలో 200 తాన్ల దాకా ఉంటే, వాటి మధ్య నమూనాకు తగ్గిన నాసిరకం తాన్లు ఐదారు నుంచి పది దాకా దూర్చేస్తారనీ, ఒక్కొక్కటీ విప్పితే తప్ప దొరకవనీ రాశాడు. నీలిమందులో ఇసుక కలుపుతారనీ, ముక్కను కాల్చి చూస్తే ఇసుక మిగిలిపోతుందనీ చెప్పాడు. ఆయన స్వయంగా వజ్రాల వ్యాపారి, మోసం ఎక్కడ దాక్కుంటుందో వాసన పట్టగలవాడు.

ఇలాంటి బజారు కూలిపోకుండా నిలబడిందంటే కారణం దలాలు. కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ నిలిచి, ఇద్దరి దగ్గరా రుసుము తీసుకుని, బేరం కుదర్చడమే కాదు, సరుకు నమూనాకు సరితూగేలా చూసే బాధ్యత కూడా అతని మీదే పడేది. అడ్వాన్సు అతని చేతుల మీదుగా ఊళ్లలోని నేతగాళ్లకు వెళ్లేది, తేడా వస్తే ముందు అతన్నే పట్టుకునేవారు. ఇంగ్లీషు కంపెనీ దలాలుగా పనిచేసిన భీమ్‌జీ పారేఖ్, ఆ తర్వాతి రుస్తుం మానెక్ ఊళ్లో ఏ ఉద్యోగికీ తీసిపోని పలుకుబడి గలవాళ్లు. రుస్తుం చనిపోయాక అతని కుటుంబానికి రావలసిన సొమ్ము విషయంలో స్థానిక కోఠీ అధికారులు అడ్డం తిరిగితే, కొడుకు నౌరోజీ ఓడెక్కి 1720లలో లండన్ వెళ్లి, కంపెనీ డైరెక్టర్ల ముందే వాదించి మధ్యవర్తుల తీర్పు గెలుచుకొచ్చాడు. కింది కౌంటరు కాదంటే హెడ్డాఫీసు దాకా వెళ్లడం సూరత్‌వాళ్లకు కొత్తేమీ కాదన్నమాట.

దలాలు వెనక మహాజన్ ఉండేది. వర్తక శాఖల వారీగా ఏర్పడిన ఈ సంఘాలు తగువులు తీర్చేవి, కట్టు తప్పినవాడికి జరిమానా వేసేవి. ఆ జరిమానాలో కొంత పశువులను సాకే పాంజరాపోల్‌కు వెళ్లేది. మహాజన్ మాటకున్న శక్తి ఎంతంటే, 1669లో ఖాజీ వేధింపులకు నిరసనగా వేలమంది బనియాలు ఊరు వదిలి భరూచ్ వెళ్లిపోతే సూరత్ వ్యాపారం స్తంభించింది. జోఖ్మీ హుండీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మామూలు హుండీ, అంటే సొమ్ము చెల్లింపు పత్రం, గడువుకు చెల్లించాల్సిందే. జోఖ్మీ హుండీ మాత్రం సరుకు క్షేమంగా రేవు చేరితేనే చెల్లుతుంది, ఓడ మునిగితే సొమ్ము ఇచ్చినవాడిదే నష్టం. అప్పు పత్రం, బీమా పత్రం ఒకే కాగితంలో ఇమిడాయి. చెడు జరిగితే ఎవరు భరించాలో బేరానికి ముందే పేరు పెట్టి తేల్చుకోవడం ఆ బజారు పద్ధతి. ఈనాటి సర్వీసు కౌంటరు దగ్గర కొరవడింది సరిగ్గా ఇదే. డీలరు తయారీదారును చూపిస్తాడు, తయారీదారు స్టీరియో కంపెనీని చూపిస్తాడు, ఏ పేరూ నిలవదు.

పాత బజారును ఇలా మెచ్చుకోవడం మీద గట్టి అభ్యంతరమే ఉంది. ఆ పూచీ ఎవరికి దక్కింది? డబ్బూ పలుకుబడీ ఉన్న వర్తకుడికి, కులసంఘం వెన్నున్నవాడికి. తిరస్కరించిన తాను బరువు చివరికి మగ్గం దగ్గరే పడేది. తావెర్నియే లాంటివాళ్ల రాతల్లో మోసగాడు ఎప్పుడూ నేతగాడో దలాలో. నమూనాతో పోల్చి రెండోరకం, మూడోరకం అని ధర కోసే కోఠీ గుమాస్తా వాళ్లకు మోసగాడిగా కనిపించడు. ఈ అభ్యంతరం సరైనదే. మన తీరంలో జరిగింది చూస్తే ఇంకా బలపడుతుంది. 18వ శతాబ్దపు దక్షిణాదిలో నేతగాడికి ఒక హక్కు ఉండేది. తీసుకున్న అడ్వాన్సు తిరిగిచ్చేసి ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. వర్తకుడికి అలాంటి వెసులుబాటు లేదు. మచిలీపట్నం నుంచి నరసాపురం పక్కన మాధవాయపాలెం దాకా కోఠీలు నడిపిన కంపెనీ, చేతికి అధికారం వచ్చాక నడిమి వర్తకులను తప్పించి, బంట్రోతులను మగ్గాల దగ్గర నిలబెట్టి ఆ హక్కును అణిచేసింది. సూరత్‌లో కోట 1759లోనే కంపెనీ చేతికి వచ్చింది, 1800లో నవాబు పాలన కూడా పోయింది. కాబట్టి పాత కట్టుబాట్లు న్యాయమైనవని నేను అనడం లేదు. అమ్మిన సరుకుకు పూచీ అనేది కార్డుకు ముందే ఉందని అంటున్నాను. ఆ పూచీ బలవంతులకు మాత్రమే అందిందన్నది దాన్ని అందరికీ విస్తరించాలనే వాదనకే పనికొస్తుంది.

ఇక ఇంగ్లీషువాళ్లు తమ వెంట తెచ్చిన న్యాయం ఎలాంటిది? హాకిన్స్ సూరత్‌లో దిగడానికి ఐదేళ్ల ముందు, 1603లో, లండన్‌లో ఒక కంసాలి మీద వ్యాజ్యం తేలింది. అతను ఒక రాయిని బెజోవార్ అని చెప్పి 100 పౌన్లకు అమ్మాడు. మేక కడుపులో పుట్టే ఈ రాయి విషానికి విరుగుడని అప్పట్లో నమ్మేవారు. తావెర్నియే లెక్కలో ఇది దొరికే చోట్లలో మన గోల్కొండ రాజ్యం ఒకటి. కొన్నవాడు అది బెజోవార్ కాదని వ్యాజ్యం వేస్తే, అమ్మినవాడు బెజోవార్ అని చెప్పాడే గాని పూచీపడుతున్నానని అనలేదు కదా అంటూ కోర్టు కొట్టేసింది. కొనేవాడే జాగ్రత్తపడాలన్న సూత్రానికి ఈ తీర్పు చాలాకాలం అండగా నిలిచింది. ఆ నీడలోంచి వచ్చిన 1872 నాటి భారత ఒప్పందాల చట్టం మాత్రం, ఒక వర్తకంలో ఆచారం ఉంటే సరుకు నాణ్యతకు ఆ ఆచారాన్ని బట్టే పూచీ ఉన్నట్టు భావించవచ్చని 110వ సెక్షన్‌లో ఒప్పుకుంది. దలాళ్ల, మహాజన్‌ల బజారుకు చట్టం పెట్టిన దండమది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ పాత సూత్రాన్ని నిలబెడుతూనే మినహాయింపులు ఇచ్చింది, 17వ సెక్షన్ నమూనా చూపి అమ్మిన సరుకు నమూనాలాగే ఉండాలంది. కాని అదే చట్టం 12వ సెక్షన్‌లో వారంటీని ఒప్పందంలో పక్క షరతుగా లెక్కగట్టింది. దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం అడగవచ్చు, సరుకు తిరస్కరించకూడదు. పైగా ఈ పూచీలన్నిటినీ ఇరుపక్షాలూ ఒప్పుకుంటే పక్కన పెట్టొచ్చని 62వ సెక్షన్ తలుపు తెరిచింది. అచ్చు కార్డు ఆ తలుపులోంచే లోపలికొచ్చింది. ఇన్ని నెలలు, ఇన్ని కిలోమీటర్లు, ఫలానా భాగాలు మినహా, మరమ్మతు మాత్రమే, మరే బాధ్యతా లేదు అన్న చిన్నక్షరాలన్నీ చదివి సంతకం పెట్టే కొనుగోలుదారు ఎక్కడా ఉండడు.

కారు స్టీరియో ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీల కాలంలో పాటలపెట్టె చాలామటుకు బయటి దుకాణంలోనే బిగించుకోవాలి. 1980ల మధ్య దాకా రేడియోకు లైసెన్సు కూడా కట్టాల్సి వచ్చేది. ఆ దుకాణదారు చేతిరాత బిల్లు ఇచ్చేవాడు. టేపు నమిలితే అతని దగ్గరికే వెళ్లేవాళ్లు, అతనే విప్పి చూసేవాడు. పాత దలాలు పూచీకి అదొక చిన్న మిగులు. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక, 1990ల తర్వాత మరీ ఎక్కువగా, స్టీరియో కంపెనీ బిగింపుగా మారింది. ఈ మార్పును కొనుగోలుదారులు సంతోషంగానే ఒప్పుకున్నారు, ఎందుకంటే ధరలో పూచీ కూడా కలిసే ఉందనుకున్నారు. ఇప్పుడది పాటలపెట్టెగా మాత్రమే మిగల్లేదు. వెనక కెమెరా బొమ్మ, ఫోను, చాలా బళ్లలో ఏసీ మీటలు అన్నీ ఆ తెర మీదే. చెడితే పక్కవీధి మెకానిక్కు అందదు. బయట చూపిస్తే వారంటీ పోతుందని బెదిరింపు. ఈ చివరి సంగతి మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేస్తూ, బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దనే షరతు కుదరదని చెప్పింది. అమెరికాలో 1975 నాటి వారంటీల చట్టమూ, 1982లో కనెటికట్‌తో మొదలైన, పదేపదే చెడే కార్ల చట్టాలూ ఇదే దారిలోవి. మరమ్మతు కోసం ఇన్నిసార్లు తిరిగాక ఇక మరమ్మతు చాలదు, మార్చాలి లేదా డబ్బు వెనక్కివ్వాలి అన్నది కనెటికట్ ఆలోచన. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

లేకపోయినా మన చట్టం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1984లో గుత్తాధిపత్య నిరోధక చట్టానికి చేసిన సవరణ, నిలబెట్టుకునే అవకాశం లేని వారంటీ ప్రకటించడాన్నే అనుచిత వ్యాపారంగా తేల్చింది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం అంతకంటే పెద్ద పని చేసింది. లోపం అంటే కార్డు మీద రాసిన షరతు తప్పడం ఒక్కటే కాదంది. రాసినదైనా రాయనిదైనా ఒప్పందం ప్రకారం ఉండాల్సిన నాణ్యత లేకపోవడం లోపమే. తయారీదారు అంటే ఎవరో కూడా అక్కడే చెప్పారు. సరుకును చేసినవాడే కాక, ఇతరులు చేసిన భాగాలను కూర్చినవాడు, ఇతరులు చేసినదాని మీద తన ముద్ర వేసుకున్నవాడు కూడా తయారీదారే. స్టీరియో మాది కాదన్న మాటకు 1986లోనే జవాబు ఉందన్నమాట. 2019 చట్టం ఇవన్నీ ఉంచి ఇంకొకటి కలిపింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, అది రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమే. యాజ్ఞవల్క్యుడి పట్టీ వేరే అంకెలతో తిరిగొచ్చింది.

తయారీదారుల వైపు వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. ఉన్నట్టుండి వచ్చి పోయే లోపం వర్క్‌షాపులో కనబడకపోవచ్చు. కొందరు కొనుగోలుదారులు యాంప్లిఫయరు కోసం వైర్లు కోసి, ఆ పాపం కంపెనీకి చుట్టేవాళ్లే. పాటలపెట్టె చెడిందని కారే మార్చమంటే పరిశ్రమ ఎలా నడుస్తుంది అనేది మరో ప్రశ్న. సుప్రీంకోర్టు 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో ఈ చివరి ప్రశ్నలో కంపెనీ వైపే మొగ్గింది. వారంటీలో లోపమున్న భాగం మారుస్తామని ఉంటే, మొత్తం కారు మార్చమని ఆదేశించడం తగదంది. 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలరు చేసిన తప్పు తెలియని తయారీదారుకు ఆ బాధ్యత దానంతటదే అంటదని కూడా చెప్పింది. నాకు ఈ రెండు తీర్పులూ స్టీరియో యజమానికి వ్యతిరేకంగా కనిపించవు. భాగం మార్చాలన్నదే మొదటి తీర్పు సారం, స్టీరియో యజమాని అడిగేదీ అదే. రెండోది పాత కారును కొత్తదని అమ్మిన డీలరు మోసం గురించి. కంపెనీ బిగించిన యూనిట్‌లో లోపం కంపెనీకి తెలియని మోసం కాదు. మూడుసార్లు అదే లోపం వస్తే దాన్ని యాదృచ్ఛికమని అనలేం. వైర్లు కోశారన్న ఆరోపణ ఉంటే కోసిన చోటు చూపించాల్సింది ఆరోపించినవాడే. లోపం పైకి కనబడకపోతే వినియోగదారుల కమిషన్ యూనిట్‌ను ప్రయోగశాలకు పంపి 45 రోజుల్లో నివేదిక తెప్పించుకునే ఏర్పాటు చట్టంలోనే ఉంది. కేసు 3 నెలల్లో, పరీక్ష ఉంటే 5 నెలల్లో తేలాలన్న గడువు మాత్రం చాలాచోట్ల కాగితానికే పరిమితమైంది. ఈ చట్టం మీద ఉన్న ఫిర్యాదుల్లో నాకు నిజంగా బలంగా తోచేది ఇదొక్కటే.

విచిత్రమేమిటంటే, సూరత్ పెద్ద వ్యాపారాలు ఇప్పటికీ కార్డు మీద కంటే పూచీ మీదే నడుస్తున్నాయి. సూరత్‌లో సానపట్టిన వజ్రం చేయి మారినప్పుడు, అది యుద్ధాలకు డబ్బు చేరవేసే రాయి కాదని ఇన్‌వాయిసు మీద రాసే వారంటీ వాక్యం కింబర్లీ ఒప్పందం అమల్లోకి వచ్చిన 2003 ప్రాంతం నుంచి ఉంది. రింగురోడ్డు బట్టల మార్కెట్లలో లోపమున్న చీరలు వెనక్కి రావడం, ఎవరు భరించాలన్న తగువు ఆడతియాల (కమీషను ఏజెంట్ల) నడుమ తేలడం రోజూ ఉండేదే. తెలంగాణ నుంచి పవర్‌లూమ్‌ల పనికి వెళ్లి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిన పద్మశాలీలకు ఈ తగువులో నష్టం కిందికి ఎలా జారుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ల పిల్లల కోసం అక్కడి మున్సిపాలిటీ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఆ పిల్లల్లో ఎవరో రేపు కారు కొంటారు. స్టీరియో పదేపదే చెడితే కొన్నవాడు ముందు చేయాల్సింది ప్రతిసారీ రాతలో పెట్టించుకోవడం. జాబ్ కార్డు మీద 'కస్టమరు ఫిర్యాదు' గడిలో గతంలో వచ్చిన లోపమే మళ్లీ వచ్చిందని స్పష్టంగా రాయించి, తేదీతో నకలు తీసుకోండి. యూనిట్ ఆగిన క్షణాన్ని ఫోనులో వీడియో తీయండి. డీలరుకూ తయారీదారుకూ ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపండి, మార్చమని లేదా యూనిట్ ధర వెనక్కి ఇవ్వమని అడగండి. కుదరకపోతే మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి పోనక్కర్లేదు. లాయరు తప్పనిసరి కాదు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు, 10 లక్షల లోపు అయితే 200 రూపాయలు. ఫిర్యాదుకు కారణం పుట్టిన 2 ఏళ్లలోగా వెయ్యాలి.